మూడో డబ్బా

బల్లార్షాలో మే నెల. నీళ్లయిపోయిన కూలర్
ఉత్త గాలి తిప్పుతోంది.
కిటికీ మూసినా కాగితం మిల్లు వాసన
తన కుర్చీ తనే లాక్కుని కూర్చుంటుంది.

బల్ల మీద మూడు డబ్బాలు.
కొత్తగా గని దిగే పిల్లలకి పాఠం చెప్పే కళ్లద్దాల్లో
ఏ తెర వేయాలో సాయంత్రంలోగా రాసి పంపమని
నాగపూర్ ఆఫీసు.
ఫారంలో గడులున్నాయి:
డిగ్రీకి ఎన్ని చుక్కలు, సెకనుకి ఎన్ని బొమ్మలు,
ఒక్కోటి ఎంత.
చీకటికి గడి లేదు.

అందుకే గోమాస ఓదెలు కాకని పిలిచాను.
ముప్పై రెండేళ్లు బాయిలో సర్దార్.
నుదుటి తోలులోకి ఇంకిపోయిన బొగ్గు, ఒక నీలం గీత.
"ఇంట్ల కూలర్ల నీళ్లన్న ఉన్నయి" అని గొణుగుతూనే
దవాఖానకొచ్చినవాడిలా
కుర్చీ అంచున కూర్చున్నాడు.

మొదటిది చవక తెర. వెనక దీపం ఎప్పుడూ ఆరదు.
పెట్టుకుని అటూ ఇటూ చూసి
"ఇది చీకటి గాదు బిడ్డా, మబ్బుల లేచినట్టున్నది.
ఇంక జరసేపైతే కోడి కూస్తది.
మరి నడుమ ఈ దోమతెర ఎందుకు కట్టినవ్?"

చుక్కకీ చుక్కకీ మధ్య మిగిలిపోయే నల్ల సందులు.
నేను చదివినచోట దానికి పెద్ద పేరే ఉంది.
ఇకమీదట నాకు దోమతెరే.

రెండోది, తమంతట తామే ఆరిపోయే చుక్కలది.
ఈసారి మాట రాలేదు.
కుడిచెయ్యి లేచి నెత్తిన లేని టోపీని తడిమింది,
లేని లైటు మీట కోసం.
"ఆఁ" అన్నాడు, "ఇది మాదే."
తల తిప్పగానే మాత్రం గోడ వెనకబడి
తడి సున్నంలా జారింది.
"గోడ తాగి ఉన్నదా ఏంది? కండ్లు తిరుగుతున్నయి, తియ్."

నీళ్లిచ్చాను. కాసేపు రాజురా బస్సుల గురించి,
వార్ధా ఒడ్డున ఇసుక లారీల గురించి మాట్లాడుకున్నాం.

మూడోది తపాలా బిళ్లంత తెర. ధర అడగొద్దు.
చూపు ఇరుకు, అంచులు నల్లగా మూసుకుంటాయి.
ఆ లోపం ముందే చెప్పాను.
"టోపీ లైటుకు అంతకన్న ఎక్కువ కనవడ్తదా?" అని నవ్వాడు.
నవ్వు ఆగింది.
నేను గీసిన కప్పు వైపు చూస్తున్నాడు.
"ఈ పగులు ఎవరు గీసిండ్రు?"
"నేనే."
"ఎడ్లబండి పట్టేటంత ఉన్నది."

నిజమే. చవక తెరలో ఆనడం లేదని
రోజుకింత లావు చేసుకుంటూ పోయాను.
దోమతెర మాటున నా అబద్ధం సుఖంగా బతికింది.
ఇక్కడ, ప్రతి రాతి గరుకూ తేలిన ఈ తెరలో,
అది పలక మీద బలపం గీత.

ఓదెలు కాక కళ్లద్దాలు తీసి
భుజం మీది దస్తీ అంచు నుంచి ఒక పోగు లాగి
నా వేలి మీద పెట్టాడు.
"ఇంత సన్నం.
ఆనాడు నాకూ కనవడలే.
రాడ్‌తోని కొట్టిన. కప్పు మంచిగనే పలికింది."
ఎవరని నేనడగలేదు. ఆయనా చెప్పలేదు.
కూలర్ ఉత్త గాలే తిప్పుతూ పోయింది.

మళ్లీ గీయడానికి గంటన్నర.
ఒక్క చుక్క వెడల్పు, నడుమ మూడుచోట్ల తెగిపోతూ.
మొదటి తెరలో సందుల్లో పడి మాయమైంది.
రెండోదాంట్లో తల కదిలితే కరిగింది.
మూడోదాంట్లో ఉంది,
వెతికితేనే.

"ఇవి కొంటే పన్నెండు రావు కాకా, ఐదే వస్తయి."
"వంతులేసుకుంటరు. వంతులు మాకు కొత్తనా?"

నాలుగు గంటల సైరన్ మోగింది.
దిగిపోయి ఆరేళ్లయినా
ఆయన మోకాళ్లు వాటంతటవే లేచి నిలబడ్డాయి.

'ఎంపికకు కారణం' అన్న గడిలో
మరాఠీలో ఒక వాక్యం మొదలుపెట్టి కొట్టేశాను.
పోగుని టేపుతో అక్కడే అంటించి
పక్కన రాశాను: ఇది కనిపించాలి.

నాగపూర్‌లో ఎవరో దుమ్మనుకుని
గోటితో గీకేస్తారేమో.